ఎలపటకు తిప్పితే దాపటకు పోయే కారు

జూన్ నెల మా బడులకు పరీక్షల నెల. పరీక్ష పిల్లలకు కాదు, మాకు. కొత్తగా ఎవరు చేరతారు, ఎవరు టీసీ అడుగుతారు అని గేటు వైపు చూస్తూ గడిపే నెల. హోసూరు దగ్గర మేము పనిచేసే తెలుగు మాధ్యమం బడికి పోయిన జూన్‌లో ఒక తల్లి వచ్చారు. కొడుకు ఏడో తరగతికి వచ్చాడు.

"వాడు తెలుగు పీరియడ్‌లో నోరే తెరవడంట కదా సార్. ఇంగ్లీషు మీడియంలో వేస్తే అన్నా బాగుపడతాడేమోనని..." అంటూ ఆగిపోయారు.

ఆమె మాటలో తప్పు లేదు. ఆ అబ్బాయి నిజంగానే నోరు తెరవడు. పాఠం చదవమంటే చదువుతాడు. ప్రశ్న అడిగితే పుస్తకంలోని వాక్యాన్నే అప్పజెబుతాడు. సొంతంగా ఒక్క మాట చెప్పమంటే నేల చూపులు చూస్తాడు. అర్ధ సంవత్సర పరీక్షల దాకా ఆగమ్మా అని ఆమెను ఒప్పించి పంపించాం. ఆగితే ఏం చేస్తామో మాకూ తెలియదు.

జవాబు మేము అనుకోని చోట దొరికింది. ఒక వీడియో గేమ్‌లో.

కంప్యూటర్ గదిలో గోల

బెంగళూరు కంపెనీ ఒకటి వాడి పక్కన పెట్టిన కంప్యూటర్లు కొన్ని మా బడికి ఇచ్చింది. వాటిలో నాలుగు పనిచేస్తాయి. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ఆ గదిలోంచి కేకలు వినిపించి వెళ్లి చూశాం. తలుపు దగ్గర పదిహేను మంది పిల్లలు ఒకరి మీద ఒకరు ఎక్కి చూస్తున్నారు. మధ్యలో కుర్చీలో మన మౌన స్వామి. తెర మీద ఎర్ర కారు ఒకటి దుమ్ము రేపుకుంటూ పోతోంది. వాడి నోరు ఆగడం లేదు. సగం ఇంగ్లీషు, సగం తమిళం, నడుమ నడుమ కన్నడం. మూడు భాషల్లో కామెంటరీ! తెలుగు ఒక్కటే లేదు.

మేనమామ కొడుకు పెద్దవాడై పక్కన పెట్టేసిన డిస్కు అది. ఆట పేరు 'కార్స్'. పేరు వినగానే చాలా ఇళ్లలో పిల్లలు గుర్తుపడతారు. పిక్సార్ సంస్థ తీసిన 'కార్స్' సినిమా 2006 జూన్‌లో వచ్చింది. దాని ఆధారంగా చేసిన ఆట కూడా అదే నెలలో విడుదలైంది. టీహెచ్‌క్యూ అనే కంపెనీ ప్రచురించింది. ముఖ్యమైన రూపాన్ని అమెరికాలోని ఫీనిక్స్ నగరానికి చెందిన రెయిన్‌బో స్టూడియోస్ తయారుచేసింది. మట్టి దారుల్లో మోటార్‌సైకిళ్లు నడిపే ఆటలకు ఆ సంస్థ అప్పటికే పేరు మోసింది. అందుకే ఈ ఆటలో కూడా మట్టి, దుమ్ము, జారుడు అంత సహజంగా ఉంటాయి.

నిజం చెప్పాలంటే ఆ రోజు మేము మొదట చేసిన పని కంప్యూటర్ ఆపేయడం. రెండో పని డిస్కు లాక్కోవడం. ఇంటికి తీసుకెళ్లి, మా పిల్లల చేత పెట్టించుకుని, తప్పు పట్టడానికే చూశాం. రెండు గంటలు పోయాక మా అభిప్రాయం కొంత మారింది.

ఇందులో ఏముంది?

సినిమా కథ మీకు తెలిసే ఉంటుంది. మనుషులు లేని లోకం, అందరూ కార్లే. మెరుపు మెక్‌క్వీన్ అనే పొగరుబోతు రేసు కారు దారి తప్పి రేడియేటర్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో చిక్కుకుంటాడు. ఆ ఊరి డాక్టరు, నీలం రంగు ముసలి కారు డాక్ హడ్సన్. ఆయన దగ్గర బుద్ధి నేర్చుకుంటాడు. ఆట ఈ కథ ముగిసిన చోట మొదలవుతుంది. కొత్త సీజన్‌లో పిస్టన్ కప్ గెలవాలి. అయితే మైదానంలో వరసగా రేసులు ఆడుకుంటూ పోవడం కాదు. నడుమ నడుమ ఆ ఊళ్లో తిరగాలి, ఊరివాళ్లను పలకరించాలి, వాళ్లు చెప్పిన పని చేయాలి, వాళ్ల దగ్గర విద్య నేర్చుకోవాలి. రాత్రిపూట పొలంలో ట్రాక్టర్లను అదరగొట్టే అల్లరి ఆట కూడా ఉంది.

పిస్టన్ కప్ కల్పితం. దాని వెనక ఉన్న స్టాక్ కార్ రేసింగ్ మాత్రం నిజం. స్టాక్ కారు అంటే దుకాణంలో అమ్మకానికి పెట్టిన మామూలు కారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో దొంగసారా రవాణా చేసేవాళ్లు పోలీసులకు దొరక్కుండా తప్పించుకోవడానికి తమ మామూలు కార్లకే పదును పెట్టుకునేవారు. ఆ తర్వాత ఎవరి బండి వేగమైనదో తేల్చుకోవడానికి పందేలు మొదలయ్యాయి. 1948లో ఏర్పడిన నాస్కార్ సంస్థ ఈ పందేలకు ఒక పద్ధతి తెచ్చింది. తొలినాళ్ల పందేలు ఎక్కువగా మట్టి ట్రాకుల మీదే జరిగేవి. ఇప్పటి నాస్కార్ కార్లు పందెం కోసమే ప్రత్యేకంగా కట్టినవి. పేరు మాత్రం పాతదే నిలిచింది.

డాక్ హడ్సన్ కూడా పూర్తిగా కల్పన కాదు. హడ్సన్ హార్నెట్ అనే కారు నిజంగా ఉండేది, 1951లో వచ్చింది. దాని అడుగుభాగాన్ని చట్రానికి దిగువగా కట్టారు. ఎక్కేవాళ్లు కారులోకి ఒక మెట్టు దిగినట్టు దిగాలి. దాంతో గరిమనాభి కిందికి వచ్చి, మలుపుల్లో బండి ఒరిగేది కాదు. ఎదుటివాళ్లవి ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు, దీనిది ఆరు సిలిండర్లదే. అయినా 1952లో నాస్కార్ పెద్ద పోటీలు 34 జరిగితే 27 హడ్సన్‌లే గెలిచాయి. 1951లో, 1953లో హెర్బ్ థామస్, 1952లో టిమ్ ఫ్లాక్ ఛాంపియన్లయ్యారు. సినిమాలో డాక్ గెలిచినట్టు చూపించే మూడు కప్పులూ ఆ మూడు సంవత్సరాలవే. 1954లో హడ్సన్ కంపెనీ మరో కంపెనీలో కలిసిపోయింది. సినిమాలో డాక్ ప్రమాదం పాలై రేసులకు దూరమయ్యేది కూడా అదే సంవత్సరం.

డాక్‌కు గొంతు ఇచ్చిన పాల్ న్యూమన్ నటుడే కాదు, స్వయంగా రేసు డ్రైవరు. 1979లో ఫ్రాన్స్‌లోని 24 గంటల లె మాన్స్ పోటీలో ఆయన జట్టు రెండో స్థానంలో నిలిచింది. ఆటలో వినిపించేదీ ఆయన గొంతే.

ఆగిపోయిన కామెంటరీ

మర్నాడు డిస్కు తిరిగి ఇచ్చేశాం. ఒక షరతు పెట్టాం. వారానికి ఒక రోజు, శుక్రవారం చివరి పీరియడ్, నలభై నిమిషాలు ఆడవచ్చు. ఆడేవాడి పక్కన ఒకడు నిలబడి జరుగుతున్నది తెలుగులో చెప్పాలి. కారు, టైరు, బ్రేకు, రేసు, ఇంజను లాంటి మాటలకు తెలుగు వెతకనక్కర్లేదు. అవి మన ఇంట్లో మాటలే. వాక్యం మాత్రం తెలుగు వాక్యం కావాలి.

మొదటి శుక్రవారం గది నిశ్శబ్దమైపోయింది. "కారు... పోతా ఉంది. ఇంకా పోతా ఉంది. టర్న్... టర్న్ అయింది." అంతే. మన మౌన స్వామి వంతు వచ్చింది. ఆటలో డాక్ పాఠం నడుస్తోంది. మట్టి దారిలో ఎడమ వైపు మలుపు. వేగంగా వెళ్తూ స్టీరింగ్ ఎడమకు తిప్పితే చాలదు, బండి ముందుకే జారిపోయి గోతిలో పడుతుంది. వెనక చక్రాలను జారనిచ్చి, ముందు చక్రాలను కుడికి తిప్పి పట్టుకోవాలి. కుడికి తిప్పితే ఎడమకు పోతావు అన్నది డాక్ సూత్రం. సినిమాలో మెక్‌క్వీన్ దీన్ని నమ్మడు, ముళ్లపొదల్లో పడతాడు. ఆటలో ఈ జారుడు విద్యకు ప్రత్యేకంగా ఒక బటన్ ఉంది.

వాడు ఆ మలుపును ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. చేతులకు వచ్చింది. నోటికి రాలేదు. "సార్, తెలుస్తుంది. చెప్పడం రాదు" అన్నాడు. ఆ మాట మాకు గట్టిగా తగిలింది. వాడికి తెలుగు రాకపోవడం కాదు అసలు సమస్య. వాడు ఇష్టపడే లోకంలోకి తెలుగు ఎప్పుడూ వెళ్లలేదు. మనం వాడికి ఇచ్చిన తెలుగు పద్యానికీ, ప్రశ్న జవాబుకీ, పండగ నాటి ప్రసంగానికీ సరిపోయే తెలుగు. ఒక బండి మలుపులో ఎలా జారిందో చెప్పే తెలుగు మేము ఎన్నడూ అడగలేదు.

ఇంటికి వెళ్లి మీ తాతను అడిగి రా అన్నాం. ఏదో ఒకటి చెప్పి పంపాలని అన్న మాటే గానీ, పెద్ద ఆలోచన ఏమీ లేదు.

తాత చెప్పిన మాట

సోమవారం ఉదయం ప్రార్థనకు ముందే వాడు మా బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. వాళ్ల తాత వయసులో ఉండగా ఎద్దుల బండి తోలేవాడు. కూరగాయలు వేసుకుని తెల్లవారేలోపు సంతకు చేర్చేవాడు. మనవడు సెల్‌ఫోన్లో సినిమా ముక్క చూపించి అడిగితే పెద్దాయన నవ్వాడట.

"దీంట్లో ఏముంది రా? దాపటకు పోవల్లంటే దాపటెద్దును కొడితే ఎట్ల పోతాది? దాన్ని నిలేసి ఎలపటెద్దును అదిలించల్ల. బయటిపక్క నడక ఎక్కువ కద" అన్నాడట.

మాకు ఒక్క క్షణం పట్టింది. ఇతర ప్రాంతాల పాఠకుల కోసం చెబుతున్నాం. కాడికి ఎడమ పక్క కట్టేది దాపటెద్దు, కుడి పక్క కట్టేది ఎలపటెద్దు. కొన్ని చోట్ల దాపల, వలపల అంటారు. మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే మీ దగ్గర ఏమంటారో చెబుతారు. అంటే, ఎడమకు పోవాలంటే కుడి ఎద్దును తోలాలి! అమెరికా ఎడారిలో డాక్ హడ్సన్ చెప్పిన సూత్రానికి తోబుట్టువు లాంటి సూత్రం మా బడికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక అరుగు మీద యాభై ఏళ్లుగా కూర్చుని ఉంది. అడిగినవాళ్లే లేరు.

తాత ఆ ఒక్క మాటతో ఆగలేదు. ఇరుసు, చీల, కమ్మి, ఆకులు, నొగలు, పగ్గాలు, గాడి, గతుకు, ఒరగడం, ఒరుసుకోవడం, అదిలించడం, నిలేయడం... వాడు నోటుబుక్కు చివరి పేజీల్లో ఇరవై మూడు మాటలు రాసుకొచ్చాడు. చక్రానికి ఆకులేమిటి సార్, చెట్టుకు కదా ఉండేది అని అడిగాడు. చక్రం నడిబొడ్డు నుంచి అంచు వరకు పోయే కర్రలనూ ఆకులనే అంటారని వాడికి తాత చెప్పినా నమ్మకం కుదరలేదు. మేమూ చెప్పాక నమ్మాడు.

ఆ శుక్రవారం కామెంటరీ ఇలా సాగింది: "దాపట మలుపు వస్తా ఉంది. మెక్‌క్వీన్ నిలేయలేదు. వెనకపక్క ఎలపటకు జారింది. ఇప్పుడు ఎలపటకే తిప్పినాడు. ఒరగలేదు, ఒరుసుకోలేదు, దాపటకు పోయినాడు!" గదిలో చప్పట్లు. అందులో మావీ ఉన్నాయి.

ఎద్దు నుంచి టైరు దాకా

తోటి సైన్సు టీచరు ఇక్కడ ఒక మంచి పని చేశారు. తాత చెప్పిందీ డాక్ చెప్పిందీ ఒకటే అని పిల్లలు సంబరపడుతుంటే, "ఒకటేనా? చూద్దాం" అన్నారు.

ఒకటి కాదు. మట్టిలో కారు జారడం ఘర్షణకు సంబంధించిన విషయం. మలుపు తిరిగే ప్రతి వస్తువునూ లోపలి వైపుకు లాగే బలం ఒకటి కావాలి. దాన్నే అభికేంద్ర బలం అంటాం. రోడ్డు మీద ఆ బలాన్ని ఇచ్చేది టైరుకూ నేలకూ మధ్య ఉండే ఘర్షణ. వదులు మట్టిలో ఘర్షణ తక్కువ. అందుకే బండి జడత్వం కొద్దీ తిన్నగా పోబోతుంది. వెనక భాగం బయటికి జారినప్పుడు ముందు చక్రాలను జారిన వైపే తిప్పి పట్టుకుంటే బండి బొంగరంలా తిరిగిపోకుండా నిలుస్తుంది.

తాత చెప్పింది వేరే విషయం. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం నడవాలి. మామూలు కార్లలో రెండు వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగేలా డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల పెట్టె ఉంటుంది. స్టాక్ కార్లు గుడ్డాకారపు ట్రాకు మీద ఎప్పుడూ ఎడమకే తిరుగుతాయి కాబట్టి వాటికి ఇంకో ఉపాయం చేస్తారు. కుడి పక్క టైర్ల చుట్టుకొలత ఎడమ పక్క వాటికంటే కొంచెం ఎక్కువగా ఉంచుతారు. ఒక్క చుట్టు తిరిగేసరికి బయటి టైరు ఎక్కువ దూరం పోతుంది, బండి దానంతట అదే ఎడమకు మొగ్గుతుంది. ఎలపటెద్దును అదిలించడమంటే ఇదే కదా! పిల్లలు కాగితపు టీ కప్పును పక్కకు పడుకోబెట్టి దొర్లించి చూశారు. మూతి పెద్దది, అడుగు చిన్నది. తిన్నగా పోదు, గుండ్రంగా తిరుగుతుంది. ఇంట్లో మీరూ చేసి చూపించవచ్చు.

పెద్ద తరగతుల పిల్లలకు ఇంకో లెక్క ఇచ్చారు. ఫ్లోరిడాలోని డేటోనా ట్రాకు 1959లో మొదలైంది. చుట్టు రెండున్నర మైళ్లు, అంటే సుమారు 4 కిలోమీటర్లు. మలుపుల్లో రోడ్డు సమతలంగా ఉండదు, 31 డిగ్రీల వాలుతో బయటి అంచు గోడలా లేస్తుంది. మలుపు వ్యాసార్ధం సుమారు 305 మీటర్లు. ఘర్షణ ఏమాత్రం లేకపోయినా ఆ వాలు ఒక్కటే ఎంత వేగాన్ని కాయగలదు? లెక్క వేస్తే గంటకు దాదాపు 153 కిలోమీటర్లు వస్తుంది. కానీ 1987లో బిల్ ఇలియట్ అక్కడ అర్హత పరుగులో గంటకు 338 కిలోమీటర్ల సగటు వేగంతో చుట్టి వచ్చాడు. మిగతా భారమంతా టైర్ల పట్టుదీ, బండిని కిందికి అదిమే గాలిదీ. చిన్న పిల్లలకు ఈ లెక్క అక్కర్లేదు. అంచున్న పళ్లెంలో గోలీ వేసి గుండ్రంగా తిప్పితే చాలు. వేగం పెరిగిన కొద్దీ గోలీ అంచు మీదికి ఎక్కుతుంది.

గాలి సంగతి కూడా వచ్చింది. ముందు కారు వెనకే అంటుకుని పోతే గాలి అడ్డు తగ్గుతుంది. 1960లో డేటోనాలో జూనియర్ జాన్సన్ తన కంటే వేగమైన కార్లను ఈ ఉపాయంతోనే గెలిచాడు. ఇది చెప్పగానే ఒకడు, "బస్సు వెనక సైకిల్ తొక్కితే సులభంగా పోతాది సార్, అదేనా?" అన్నాడు. అదే. కానీ ఆ పని ఇంకెప్పుడూ చేయవద్దని ఆ రోజే చెప్పాల్సి వచ్చింది. ఆ సంగతి కిందికి వస్తాం.

నాన్న వచ్చిన రోజు

మా పిల్లల్లో చాలామంది తండ్రులు హోసూరు చుట్టుపక్కల బండ్ల కర్మాగారాల్లో, వాటికి విడిభాగాలు చేసే చిన్న షెడ్లలో పనిచేస్తారు. బడి సమావేశానికి రమ్మంటే షిఫ్టు ఉందంటారు. పిస్టన్ కప్ రేసుల్లో పిట్ ఉంటుంది. కారు మధ్యలో ఆగి టైర్లు మార్చుకుని, పెట్రోలు పోసుకుని వెళ్లే చోటు. దాని గురించి చెప్పడానికి ఒక నాన్నను పిలిచాం. రారేమో అనుకున్నాం. రాత్రి షిఫ్టు ముగించుకుని, నిద్ర కూడా పోకుండా వచ్చారు.

ఆట వచ్చిన కాలంలో నాస్కార్ కార్లకు చక్రానికి ఐదు నట్లు ఉండేవి. నాలుగు చక్రాలకు ఇరవై. అవన్నీ విప్పి, కొత్త చక్రాలు వేసి, మళ్లీ బిగించి, పెట్రోలు పోయడం పదిహేను సెకన్ల లోపు పని. 2022 నుంచి చక్రం మధ్యలో ఒకే పెద్ద నట్టు పెడుతున్నారు. ఈ సంగతులు మేము చెప్పాం. నట్టు ఎందుకు ఎదురెదురుగా బిగించాలో, వరసగా బిగిస్తే చక్రం ఎలా వంకరగా కూర్చుంటుందో, ఎక్కువ బిగిస్తే మర ఎలా తెగుతుందో ఆయన చెప్పారు. చేత్తో చూపిస్తూ, అచ్చమైన ఇంటి తెలుగులో. వెనక బెంచీలో ఆయన కూతురు ఉంది. నాన్న బళ్లో పాఠం చెప్పడం ఆ పిల్ల మొదటిసారి చూసింది.

వెళ్లేటప్పుడు ఆయన, "సార్, ఇది కూడా తెలుగు పాఠమేనా?" అని అడిగారు. అవునన్నాం. "అట్లయితే మాకూ వస్తుంది" అన్నారు.

పిల్లల నుంచి ఇంకో ప్రశ్న వచ్చింది. మన దేశం నుంచి ఎవరైనా ఈ పందేల్లో ఆడారా అని. ఆడారు. కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ 2010లో నాస్కార్ ట్రక్కుల పోటీల్లో పాల్గొన్నారు. ఆ సంవత్సరం ఆ విభాగంలో అభిమానుల ఓట్లతో ఎంపికయ్యే ఆదరణ పురస్కారం కూడా ఆయనకే వచ్చింది.

పక్కదారి పడ్డ ఊరు

రేడియేటర్ స్ప్రింగ్స్ కథలో పిల్లలు మలుపులు చూస్తారు. మాకు ఊరు కనిపించింది. అమెరికాలో షికాగో నుంచి శాంటా మోనికా దాకా 66వ నంబరు రహదారి 1926లో ఏర్పడింది. తర్వాత పెద్ద రహదారులు వచ్చి, ఆ ఊళ్లను తాకకుండా పక్కనుంచి వెళ్లిపోయాయి. 1985లో 66ను అధికారికంగా జాబితా నుంచి తీసేశారు. ఆరిజోనాలోని సెలిగ్‌మన్ అలా పక్కన పడ్డ ఊరే. అక్కడ క్షౌరశాల నడిపే ఏంజెల్ డెల్గడీయో ఊరివాళ్లను కూడగట్టి 1987లో ఒక సంఘం పెట్టారు. పాత దారిని చారిత్రక దారిగా గుర్తింపజేశారు. జనం మళ్లీ ఆ దారి పట్టారు. సినిమా తీసినవాళ్లు కథ కోసం ఆ దారి పొడవునా తిరిగారు.

మన బడులు ఆ ఊళ్ల లాంటివే అని వేరుగా చెప్పాలా? జాతీయ రహదారి మా ఊరి పక్కనుంచే పోతుంది. పసుపు రంగు స్కూలు బస్సులు దాని మీదే పోతాయి. ఆ బస్సుల్లో పిల్లలను పంపే తల్లిదండ్రులను మేము తప్పు పట్టలేం, బతుకు తెరువు అటే ఉందని వాళ్ల నమ్మకం. అయితే ఒక విషయం గమనించాం. సినిమాలో గానీ ఆటలో గానీ మెక్‌క్వీన్‌ను ఎవరూ జాలిపడి ఆ ఊళ్లో ఉండమని బతిమాలరు. ఆ ఊళ్లో అతనికి పనికొచ్చే విద్య ఉంది. అది నేర్చుకుంటేనే రేసు గెలుస్తాడు. మాతృభాష మీద ప్రేమ ఉండాలి అని మేము ఏళ్ల తరబడి ప్రసంగాలు చేశాం. పిల్లవాడికి ఈ పూట అక్కరకొచ్చే ఒక్క తెలుగు మాట చూపించడం మాత్రం మరిచాం.

మా భయాలు, మా కట్టుబాట్లు

ఆటలు పిల్లలను తినేస్తాయన్న మీ భయం మాకూ ఉంది. అందుకే వారానికి ఒకే రోజు, నలభై నిమిషాలు. ఒకరు ఆడితే ఒకరు చెప్పాలి, మిగతావాళ్లు వినాలి. ఒంటరిగా ఆడడం లేదు. ఇంట్లో కూడా ఇలాగే చేయమని తల్లిదండ్రులను కోరాం. పిల్లవాడు ఆడుతుంటే పక్కన ఐదు నిమిషాలు కూర్చుని, "ఇప్పుడేమైంది రా?" అని అడగండి. మీకు ఆట తెలియకపోవడమే మేలు. అప్పుడే వాడు విడమరిచి చెబుతాడు.

రెండో భయం రోడ్డు. ఆటలో గోడను గుద్దినా కారు మళ్లీ లేస్తుంది. రహదారి మీద లేవదు. పద్నాలుగేళ్లకే నాన్న బండి తీసి తిప్పే పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు. అందుకే డేల్ ఎర్న్‌హార్ట్ కథ దాచకుండా చెప్పాం. ఏడుసార్లు ఛాంపియన్ అయిన మహా డ్రైవరు. 2001 ఫిబ్రవరిలో డేటోనా పోటీ చివరి చుట్టులో గోడకు కొట్టుకుని చనిపోయాడు. తలనూ మెడనూ పట్టి ఉంచే రక్షణ పరికరాన్ని నాస్కార్ ఆ ఏడాదే తప్పనిసరి చేసింది. అంత నేర్పరికే, అంత రక్షణ నడుమనే అలా జరిగితే, హెల్మెట్ లేకుండా లారీ వెనక దూరేవాడి గతి ఏమిటి? ఆ రోజు కామెంటరీ చెప్పడానికి ఎవరూ లేవలేదు. మేమూ లేవమనలేదు.

నోటుబుక్కు

అర్ధ సంవత్సర పరీక్షలు వచ్చాయి, అయిపోయాయి. అద్భుతాలేమీ జరగలేదు. మన మౌన స్వామికి తెలుగులో మార్కులు కొంచెం పెరిగాయి. వ్యాకరణంలో అవే తప్పులు. కానీ వ్యాసం ప్రశ్నకు మొట్టమొదటిసారి ఒకటిన్నర పేజీ సొంతంగా రాశాడు. 'నేను చూసిన ప్రయాణం' అన్నది అంశం. వాడు తాత బండి గురించి రాశాడు, చూడకపోయినా చూసినట్టు. తాత చెప్పింది విని రాశాడు కాబట్టి మేము మార్కులు తగ్గించలేదు.

నోటుబుక్కు చివరి పేజీల్లో ఇరవై మూడు మాటలు ఇప్పుడు అరవై దాటాయి. మిగతా పిల్లలూ ఇళ్లలో అడిగి తెస్తున్నారు. ఒక అవ్వ నాగలి మాటలు పంపింది, ఒక నాన్న లేత్ మిషను మాటలు. కొన్ని మాటలకు మాకే అర్థం తెలియదు. తెలియదని పిల్లల ముందు ఒప్పుకుని మళ్లీ ఇళ్లకే పంపుతున్నాం.

తల్లి మళ్లీ వచ్చారు. టీసీ మాట ఎత్తలేదు. అలాగని వద్దనీ అనలేదు. "ఇప్పుడు వాళ్ల తాతతో ఒకటే మాటలు సార్. రాత్రి పది దాకా పడుకోరు ఇద్దరూ" అని మాత్రం అన్నారు. వచ్చే జూన్‌లో ఏం నిర్ణయించుకుంటారో ఆమె ఇష్టం. అడిగితే సంతకం పెట్టి ఇస్తాం. ఆ నోటుబుక్కును మాత్రం పాత పుస్తకాలతో కలిపి తూకానికి వేయవద్దని, ఏ బడికి వెళ్లినా వాడి సంచీలోనే ఉంచమని చెబుతాం.